మేదరి చేతి నక్షత్రం

డిసెంబరు వచ్చిందంటే బొబ్బిలి, పాలకొండ, టెక్కలి వైపు క్రైస్తవుల ఇళ్ల ముందు నక్షత్రాలు వెలుగుతాయి. 1805లో లండన్ మిషన్ విశాఖలో పని మొదలుపెట్టింది. ఆ శతాబ్దం చివరికి కెనడియన్ బాప్టిస్టులు బొబ్బిలి, శ్రీకాకుళం దాకా వచ్చారు. ఇక్కడి క్రిస్మస్ అంత పాతది. నేను మెచ్చుకునేది మాత్రం ఆ నక్షత్రానికి చట్రం కట్టే మేదరి పనివాణ్ణి.

పచ్చి వెదురును నిలువునా చీల్చి, కణుపులు చెక్కి, అన్నిటినీ ఒకే మందం బద్దలుగా తీస్తాడు. మందం తేడా వస్తే నక్షత్రం ఓ పక్కకు వంకరపోతుంది. ఐదేసి బద్దలతో రెండు చుక్కలు కట్టి, వాటి కొనలను జతలు జతలుగా దారంతో బిగిస్తాడు. లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్లా రెండు చట్రాల నడుమ పొట్టి పుల్లలు నిలబెడతాడు. బల్లపరుపుగా ఉన్నది ఉబ్బి, లోపల బల్బుకు చోటిస్తుంది. ఒక్క మేకు లేదు.

పండగ ముందే అద్దె ఇల్లు మారాల్సి రావడంతో ఆ పనితనం విలువ మాకు బాగా తెలిసింది. అంత పెద్ద నక్షత్రాన్ని ఎలా తీసుకెళ్తామని అందరం అంటుంటే, అమ్మ పొట్టి పుల్లలు ఊడదీసింది. చట్రం చాపలా అణిగి బీరువా వెనక ఇమిడింది. గాజు గ్లాసులు, అరిసెల డబ్బా కూడా మేదరి తట్టల్లోనే సర్దుతున్నాం. కొత్త ఇంట్లో మైదా జిగురుతో రంగు కాగితం అంటించే పని పిల్లలది.

ఈ ఏడు నక్షత్రం కావాలంటే మీ ఊళ్లో మేదరుల దగ్గరికి వెళ్లండి. బేరమాడకండి.