పంచసూత్రాలు – మూడు పట్టణాలు

షియాలి రామామృత రంగనాథన్ మొదట గణిత శాస్త్రాధ్యాపకుడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయిన పిదప, గణితానికి వలెనే గ్రంథాలయ నిర్వహణకు కూడ కొన్ని మూలసూత్రాలు ఉండవలెనని యోచించినాడు. 1931లో వెలువడిన పంచసూత్రాల గ్రంథం ఆ యోచనకు ఫలితం. పుస్తకాలున్నది వాడుక కొరకు. చదువరికి తగిన పుస్తకమూ, పుస్తకానికి తగిన చదువరీ లభించవలెను. చదువరి కాలం వృథా కారాదు. గ్రంథాలయం నిత్యం పెరుగుచుండవలెను. వాటి సారం ఇంతే.

ఏ శాస్త్రసూత్రానికైనా గీటురాయి ప్రయోగం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలను ప్రయోగశాలగా తీసుకొన్నచో ఈ సూత్రాలు ఎంతవరకు నిలుచును?

మొదటి సూత్రం తేలికగా కనిపించును. కాని అది తరచు ఓడిపోవునది బడి బీరువా దగ్గరనే. పుస్తకం పోయినచో ఉపాధ్యాయుడు జవాబు చెప్పవలెను. తాళం వేసినచో ఎవరూ అడుగరు. పదేండ్ల తరువాత కూడ అట్టలు నలగకుండ ఉన్న పుస్తకం లెక్కల పుస్తకంలో భద్రమే. రంగనాథన్ లెక్కలో మాత్రం అది నష్టం.

రెండవ సూత్రం దగ్గర మరొక చిక్కు ఉన్నది. నేడు తెలంగాణలో అనేక గ్రంథాలయాల పఠనమందిరాలు ఉద్యోగ పరీక్షల అభ్యర్థులతో నిండి ఉండును. వారి అవసరం న్యాయమైనదే. అయినను కుర్చీలు నిండుట వేరు, పఠనాభిరుచి పెరుగుట వేరు. పరీక్షతో మొదలైన చదువు పరీక్షతో ముగియవచ్చును. బొమ్మల పుస్తకం కొరకు వచ్చిన బాలునికి ఆ గదిలో చోటెక్కడ?

అసలు చిక్కు ‘చదువరి’ అనే మాటలోనే ఉన్నది. చదువరి అనగా అక్షరం వచ్చినవాడు, చేతులు ఖాళీగా ఉన్నవాడు, గ్రంథాలయం తెరచిన వేళకు రాగలిగినవాడు అని మనం భావింతుము. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో ఏడేండ్లు దాటినవారిలో అక్షరాస్యులు 66.5 శాతం మాత్రమే. సిరిసిల్లలో సాంచెల మీద పనిచేయువారికీ, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో ఒడిలో చాట పెట్టుకొని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టు స్త్రీలకూ చేతులు ఖాళీ ఉండవు.

పుస్తకాన్ని జనం వద్దకు చేర్చుట కొత్త ఆలోచన కాదు. 1931లోనే మన్నార్‌గుడి ప్రాంతంలో ఎడ్లబండి గ్రంథాలయం నడచినది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువలో పడవ గ్రంథాలయం నడిపినారు. కాని బండి వాకిటి వరకు రాగలదు. చేతులు ఖాళీ చేయలేదు.

చేయి తీరనప్పుడు చెవి మిగిలి ఉన్నది. 1865లో క్యూబా రాజధాని హవానాలో చుట్టల కార్మికులు తమ కూలిలో కొంత ఇచ్చి, పని జరుగుచుండగా పత్రికలూ నవలలూ చదివి వినిపించువానిని నియమించుకొన్నారు. 1969లో కేరళలోని కన్నూరులో ఏర్పడిన దినేశ్ బీడీ సహకార సంఘంలోను ఇట్టి శ్రవణపఠనం సాగినది. బీడీ చుట్టుట నిశ్శబ్దమైన పని గనుక అది సాధ్యమైనది. మరమగ్గాల షెడ్డులో అట్లు కాదు. అక్కడి మోత తరచు 90 డెసిబెళ్లను మించును; మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెళ్లు. చదివేవాని గొంతు ఆ మోతలో మునిగిపోవును. కనుక కోరుట్లకు పనికివచ్చు ఉపాయం సిరిసిల్ల షెడ్డుకు పనికిరాదు. అక్కడ పని వేళ ముగిసిన పిమ్మట, ఇంటి అరుగు మీద వినిపించవలెను.

వినుట చదువగునా అని సందేహం కలుగవచ్చును. మనిషి వ్రాత నేర్చి సుమారు ఐదువేల ఏండ్లే. మాట అంతకంటె ఎంతో పాతది. విన్న మాటల నిల్వ ఉన్నవానికే అక్షరం అర్థమిచ్చును. సిరిసిల్ల ప్రాంతంలోని హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమంలో చదువుకొన్నాడు. బాల్యంలో ఆయనను ఆకర్షించినవి హరికథలు, జానపద గేయాలు, జంగం కథలు. ‘విశ్వంభర’ కావ్యానికి 1988 జ్ఞానపీఠ పురస్కారం పొందిన కవికి తొలి గ్రంథాలయం చెవియే అనవచ్చును. పెద్దలకు కాలం మించిపోయినదనుట కూడ సరికాదు. 2010లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, పెద్దవయసులో చదువు నేర్చినవారి మెదడులోను అక్షరాలను గుర్తించు భాగం మార్పు చెందుట కనిపించినది.

కనుక లోపం సూత్రాలది కాదు, వాటి అన్వయానిది. ‘చదువరి’ అన్నచోట ‘శ్రోత’ను కూడ చేర్చినచో అవి ఈ మూడు పట్టణాలలోను నిలుచును. బీరువా తాళం తీసి, వారానికొక పుస్తకం విద్యార్థి చేత ఇంటికి పంపవచ్చును. తల్లి బీడీ చుట్టుచుండగా బిడ్డ చదువవలెను. బిడ్డ చేతికి చాట మాత్రం రాకూడదు. మరునాడు ఉపాధ్యాయుడు మార్కులు వేయనక్కర లేదు. “ఏ భాగం మళ్లీ చదువుమని అమ్మ అడిగింది?” అన్న ఒక్క ప్రశ్న చాలును. దానికి జవాబు దొరికిననాడు ఆ ఇంట ఒక పుస్తకానికి ఇద్దరు చదువరులు ఏర్పడినట్లే.