బండివాడి ప్రశ్న

“కన్యాశుల్కంలోని ఇతివృత్తాన్ని వివరింపుము” అన్న ప్రశ్న మన పరీక్షా పత్రాల్లో ఎన్నోసార్లు వచ్చింది. దానికి విద్యార్థులు వ్రాసే సమాధానమూ ఎన్నోసార్లు చదివాను. ఆడపిల్లలను అమ్ముకునే దురాచారం, బాల్యవివాహం, వితంతు సమస్య, వేశ్యా సమస్య - ఈ నాలుగూ వరసగా పేర్కొని, గురజాడ మహాకవి వీటిని ఖండించాడని ముగిస్తారు. ఇందులో తప్పులేదు, మార్కులూ వస్తాయి. కాని ఈ సమాధానం వ్రాయడానికి నాటకం చదవనక్కరలేదు. పీఠిక చదివితే చాలు. పీఠిక కూడా అక్కరలేదు, బజారులో దొరికే గైడు చాలు.

పీఠిక విలువ తక్కువని కాదు. విజయనగరం మహారాజా ఆనందగజపతి విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాలకు జాబితా తయారుచేయించాడని, అందులో 1034 పెళ్ళిళ్ళు తేలాయని అందులో ఉంది. ఏడాది వయసు పిల్లలు కూడా ముగ్గురున్నారు ఆ లెక్కలో. 1892లో విజయనగరంలో ఈ నాటకం చూసినవాళ్ళకు అది ఎక్కడో జరిగే వింత కాదు, పక్కింటి వ్యవహారం. అయితే జాబితా చేయగలిగిన పని జాబితాయే చేసింది. పెళ్ళిళ్ళను లెక్కపెట్టింది. ఆ పెళ్ళిళ్ళ చుట్టూ తిరిగే డబ్బును పట్టుకోవడానికి నాటకం కావలసివచ్చింది.

ఆ డబ్బు వెంట ఒక్కసారి నడిచి చూడండి. నాటకం మొదలయ్యేది పెళ్ళితో కాదు, అప్పుతో. పూటకూళ్ళమ్మ సామానుకని ఇచ్చిన ఇరవై రూపాయలు మధురవాణి దగ్గర ఖర్చుపెట్టి, ఊరు విడవక తప్పని స్థితిలో గిరీశం మనకు కనిపిస్తాడు. అక్కణ్ణుంచి వెంకటేశానికి చదువు చెప్పే నెపంతో కృష్ణరాయపురం చేరతాడు. అగ్నిహోత్రావధాన్లు ఇతణ్ణి ఇంట్లో ఎందుకు ఉండనిచ్చాడు? కొడుకు చదువు ఒక్కటే కారణం కాదు. తన దావాల కాగితాల్లో ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాడు పనికొస్తాడని. లుబ్ధావధాన్లు సుబ్బిని వదిలి కరటకశాస్త్రి తెచ్చిన మాయగుంట వైపు ఎందుకు మొగ్గాడు? బేరం చవక గనుక. రామప్పంతులు పెళ్ళి నడిపినా, దావా నడిపినా, తన వాటా తనకు దక్కాలి. మధురవాణి కంటె కూడా ఈ పెళ్ళిలో చేతులు మారి మాయమవుతుంది.

ఈ లావాదేవీల్లో శుల్కం ఒకటి, అంతే. వేదం చదువుకున్న అగ్రహారం, కోర్టు చుట్టూ తిరుగుతున్న అగ్రహారం, కూతురికి వెలకట్టే అగ్రహారం - మూడూ ఒక్కటే. దురాచారమన్న ఒక్క మాటతో దీన్ని మూటకట్టేస్తే, మంచి మనుషులు నాలుగు ఉపన్యాసాలిస్తే ఆ చెడు పోతుందన్న భ్రమ విద్యార్థికి మిగులుతుంది. ఉపన్యాసాలిచ్చేవాడు ఈ నాటకంలో ఉన్నాడు. అతని పేరు గిరీశం.

ఇక రెండో రకం చదువరులున్నారు. సంఘం సంగతి మాకు అనవసరం, హాస్యం చూడండి, సంభాషణల సొగసు చూడండి అంటారు. సంతోషం, చూద్దాం. కాని ఆ సొగసు ఎక్కడిది? అసిరిగాడి మాట వేరు, అవధాన్ల మాట వేరు, గిరీశం నోట దొర్లే ఇంగ్లీషు వేరు. ఎవరి భాషలో ఎవరికి అధికారం ఉందో తెలియకుండా ఆ హాస్యం పండదు. వాడుకభాషలో నాటకం వ్రాయడమే అప్పుడొక తగాదా. అదే రచయిత 1914లో మద్రాసు విశ్వవిద్యాలయంలో వ్యావహారికం కోసం అసమ్మతి పత్రం వ్రాశాడు. రూపం కోసం వెళ్ళినవాడు కూడా చివరకు సంఘం వాకిట్లోనే తేలతాడు.

మనవాళ్ళనూ వదలడం న్యాయం కాదు. అభ్యుదయ విమర్శ పేరుతో పాత్రలకు వర్గం చీటీలు అంటించి ఊరుకునే అలవాటొకటి మనలో ఉంది. గిరీశం ఫలానా వర్గ ప్రతినిధి, సౌజన్యారావు ఫలానా వర్గ ప్రతినిధి - సరే, ఆ తరవాత? మధురవాణి దగ్గరికి వచ్చేసరికి ఈ చీటీలు చాలవు. 1893లో మద్రాసు సంఘ సంస్కర్తలు సానిమేళాలకు వెళ్ళవద్దని గవర్నరుకూ వైస్రాయికీ విజ్ఞప్తి పెట్టుకున్నారు. ఆ ఉద్యమానికి మనిషి రూపం సౌజన్యారావు. అటువంటివాని ఇంటికి మధురవాణి మగవేషంతో వెళ్ళి, ముద్దు బేరం పెట్టి, అతను చలించాక తానే వెనక్కు తగ్గుతుంది. గెలిచింది ఎవరు? సంస్కర్త చేతిలోని భగవద్గీత ఆమె చేతికి వస్తుంది గాని, ఆ కృష్ణుణ్ణే చర్చలోకి లాగి ఆమె అడిగిన ప్రశ్నకు సౌజన్యారావు దగ్గర జవాబు లేదు. బుచ్చమ్మకు పూనా వితంతు శరణాలయం ఉంది, గిరీశానికి చదువు ఉంది. మధురవాణి రేపు ఏం తిని బతకాలో చెప్పేవాడు లేడు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. ఆ చట్టం అవసరమే. కాని వృత్తి పోయిన ఆడవాళ్ళకు బతుకుతెరువు ఏమిటన్న ప్రశ్న అప్పుడు కూడా మిగిలే ఉంది. దాన్ని గురజాడ 1909 నాటి ప్రతిలోనే మన ముందు పెట్టాడు. ఇది ప్రగతిశీలమా, కాదా అని ముద్ర వేసి పక్కన పెట్టగలిగిన ఘట్టం కాదు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే చోటు మాత్రం ఇంకొకటి. క్లాసులో దాన్ని నవ్వుకుని దాటేస్తారు. దారిలో బండివాడికి నేషనల్ కాంగ్రెసు మీద రెండు గంటలు లెక్చరిచ్చానని, తీరా వాడు తమ ఊరి హెడ్డు కానిస్టేబుల్ని కాంగ్రెసువాళ్ళు ఎప్పుడు బదిలీ చేస్తారని అడిగాడని గిరీశం చెప్పుకుంటాడు. విద్యార్థులంతా నవ్వుతారు. బండివాడి అజ్ఞానం చూసి నవ్వుతారు. అంటే గిరీశం పక్షాన చేరి నవ్వుతారు.

ఆ నవ్వును అక్కడ ఆపి విచారించాలి. 1885లో పుట్టిన కాంగ్రెసు తొలి రోజుల్లో అడిగినవి ఏమిటి? శాసనసభల విస్తరణ, సివిల్ సర్వీసు పరీక్షలు ఇక్కడ కూడా జరపడం. చదువుకున్నవాళ్ళ కోరికలు. బండివాడికి సర్కారు అంటే శాసనసభ కాదు, ఊళ్ళో ఉన్న హెడ్డు కానిస్టేబులు. అతగాడు పెద్దమనిషా, దుర్మార్గుడా అని ఊహించనక్కరలేదు. 1902-03 పోలీసు కమిషన్, తెల్లదొరలు వేసినదే, పోలీసుల లంచగొండితనాన్నీ జులుమునూ తన నివేదికలో ఒప్పుకుంది. స్వరాజ్యం వస్తే నా ఊళ్ళో నా నెత్తిన కూర్చున్నవాడు దిగుతాడా అన్నది బండివాడి ప్రశ్న. రెండు గంటల ఉపన్యాసాన్ని అతను ఒక్క వాక్యంలో తన బతుకులోకి అనువదించుకున్నాడు. అనువాదం సరిగానే ఉంది. జవాబు చెప్పలేనిది ఉపన్యాసకుడు.

ఈ సంగతి ఇతివృత్త వివరణలో దొరకదు, చరిత్ర పాఠాన్ని విడిగా మొదటి పేజీలో పెట్టి నాటకాన్ని రెండో పేజీలో మొదలుపెట్టినా దొరకదు. కాంగ్రెసు చరిత్ర తెలియాలి, పోలీసు చరిత్ర తెలియాలి, అన్నిటికన్నా ముందు ఆ మాట ఎవరి నోట వచ్చిందో చూడాలి. ఎందుకంటే ఆ బండివాడు రంగం మీదికి ఒక్కసారి కూడా రాడు. అతని పేరు మనకు తెలియదు. అతని ప్రశ్న మనకు చేరింది అతన్ని వెక్కిరించినవాడి మాటల్లోనే.