నెల్లూరిసీమ వాఙ్మయమున స్త్రీవాక్కు

నెల్లూరి మండలపు సారస్వతమును గూర్చి వ్రాయువారెల్లరును తిక్కన సోమయాజితో నారంభింతురు. అది న్యాయమే. పదుమూడవ శతాబ్దమున మనుమసిద్ధి కొలువున మంత్రియై, భారతమున విరాటపర్వము మొదలు పదునైదు పర్వములను తెనిగించిన మహాకవిని ముందిడుకొనక యీ సీమ వాఙ్మయచరిత్రము వ్రాయుట పొసగదు. కాని యట్లారంభించినవారు పిదప ప్రబంధకవులను స్మరించి, ఆధునిక కాలమునకు వచ్చి, పద్యకావ్యములను ఖండకావ్యములను లెక్కించి చాలింతురు. ఆ లెక్కలో రెండు రచనలకు చోటు దొరకుట అరుదు. ఒకటి పొణకా కనకమ్మ స్వీయచరిత్రము. రెండవది అక్షరాస్యతోద్యమ కాలమున వయోజనులకై కూర్చిన వాచకములలోని పాఠము. ఈ రెండింటిని విడిచినచో, స్త్రీపురుష సమత్వమను విషయమున ఈ సీమ వాఙ్మయము ఎంతదూరము నడచినదో మనకు తెలియరాదు. ఈ మతమును సోపపత్తికముగ నిరూపించుట యీ వ్యాసమున కుద్దేశము.

స్త్రీలను గూర్చిన గ్రంథములు మనకు కొదువ లేవు. అందు స్తుతి కలదు, నింద కలదు, నీతిబోధ కలదు. కాని సమత్వవిచారమున విమర్శకుడు అడుగవలసిన ప్రశ్నలు వేరు. ఆ గ్రంథమున మాటలాడుచున్న దెవరు? ఆ మాటను వ్రాసిన చేయి ఎవరిది? విన్నవారెవరు, విని చేసినదేమి? ఈ మూడు ప్రశ్నలను వరుసగ వేసికొన్నచో తిక్కననుండి నేటివరకు గల మార్గము స్పష్టపడును.

తిక్కన ద్రౌపదితో మొదలిడుదము. విరాటుని సభలో కీచకుడు ఆమెను పరాభవించునప్పుడు రాజు మిన్నకుండెను. భర్తలు సమయభంగ భయమున ఊరకుండిరి. ఆమె మాత్రము ఊరకుండలేదు. సభను నిలదీసెను, రాత్రివేళ వంటశాలకు పోయి భీముని మేలుకొలిపి తన దుఃఖమును తర్కయుక్తముగ నివేదించెను. ఉద్యోగపర్వమున రాయబారమునకు పోనున్న కృష్ణుని యెదుట మరల తన పరాభవమును జ్ఞప్తికి దెచ్చి, సంధిమాటలోని లోపమును చూపెను. తిక్కన ఆమెచేత కేవలము విలపింపజేయలేదు, వాదింపజేసెను. స్త్రీకి కోపము తగదని యెంచు సమాజమునకు ధర్మబద్ధమైన కోపము చెల్లునని చూపిన కవి యతడు. ఇది చిన్న పని గాదు.

అయినను మన మూడు ప్రశ్నలకు ఇచట దొరకు సమాధానము పరిమితము. మాటలాడినది స్త్రీ, వ్రాసినది పురుషుడు. విన్నవారును పురుషులే; ఆ మాట ఫలించుటయు వారి భుజబలముననే. కీచకుని చంపుటకు భీముడు కావలెను. ఇది కవిదోషము గాదు, కథాసంవిధానమునకును కాలమునకును గల హద్దు. కాని హద్దును హద్దుగ గుర్తింపక, ద్రౌపదిని చూపి ఈ సీమలో స్త్రీ వాక్కునకు ఏడువందల యేండ్లుగ గౌరవము కలదని చెప్పుట చరిత్రము గాదు, అతిశయోక్తి.

ఇక వ్రాసిన చేయియు స్త్రీదియే యైన గ్రంథమునకు వత్తము. పొణకా కనకమ్మ 1892లో మినగల్లున జనించెను. బాల్యముననే వివాహమై పొట్లపూడి చేరిన ఆమెకు బడిచదువు లేదు. ఇంటనే స్వయంకృషిచే చదువుకొని, పొట్లపూడిలో గ్రంథాలయోద్యమమునకు తోడ్పడి, పెన్నాతీరమునగల పల్లెపాటి ఆశ్రమమునకు తన భూమి నొసంగెను. ఆ యాశ్రమమును గాంధీమహాత్ముడు 1921 ఏప్రిలులో ప్రారంభించెను. 1923లో నెల్లూర బాలికలకై కస్తూరిదేవీ విద్యాలయమును ఆమె స్థాపించెను. స్వాతంత్ర్యోద్యమమున చెరసాల కేగెను. ద్రోణంరాజు లక్ష్మీబాయమ్మతో కలసి పద్యరచన చేసెను. బడి మెట్టెక్కని స్త్రీ బడిని నిర్మించుట యెట్టిదో చెప్పుటకు వేరు వ్యాఖ్యానము అక్కరలేదు.

ఆమె స్వీయచరిత్రమగు 'కనకపుష్యరాగము' గ్రంథరూపమున వెలువడినది 2011లో. ఆమె కీర్తిశేషురాలైనది 1963లో. నడుమ నలువదియెనిమిది యేండ్లు. ఆ కాలమున పురుషుల స్వీయచరిత్రములు ఎన్నియో అచ్చై, పాఠ్యములై, పరిశోధనలకు విషయములైనవి. కందుకూరి వీరేశలింగముగారి స్వీయచరిత్రము స్త్రీవిద్యకు, వితంతూద్వాహములకు ప్రమాణగ్రంథముగ నిలిచినది. అది యోగ్యమే. కాని ఏ స్త్రీలకొరకు ఆ సంస్కరణము జరిగినదో, వారిలో నొకతె తన జీవితమును తానే వ్రాసిపెట్టినప్పుడు దానిని వెదకి ప్రకటించు తొందర పండితలోకమునకు కలుగలేదు. ఈ యాలస్యమునుగూడ సాహిత్యచరిత్రమున నొక విషయముగ నెన్నవలెను. వ్రాయుట యొక యెత్తు, వినబడుట యొక యెత్తు.

ఈ గ్రంథమున విలువైన గుణము, ఉద్యమచరిత్రమును గృహచరిత్రమునుండి వేరుచేయకుండుట. పురుషుల స్వీయచరిత్రములలో సభలు, తీర్మానములు, చెరసాలలు ముందునిలుచును. ఇల్లు తెరవెనుక నుండును. ఇచట దానమిచ్చిన భూమియు, కూతురిని కోల్పోయిన తల్లి శోకమును, విద్యాలయభారమును ఒకే బ్రతుకున పెనవేసికొని యున్నవి. హద్దులును లేకపోలేదు. ఇది భూస్థితిగల యింటి స్త్రీ వాక్కు. ఆ పొలములలో నాట్లు వేసిన కూలిస్త్రీ ఇందు తన నోట తాను మాటలాడదు. కాబట్టి మన మూడవ ప్రశ్న, విని నడచినవారెవరన్నది, ఇంకను మిగిలియే యున్నది.

ఇచట శాసనములను గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. ఏలయన, సమత్వము శాసనముచే వచ్చునదే గాని గ్రంథములచే వచ్చునా యని యెవరైన శంకింపవచ్చును. చెన్నరాజధానిలో 1921లోనే ఆస్తిగల స్త్రీలకు ఓటుహక్కు లభించెను. ఆంధ్రప్రదేశము 1986లో చేసిన చట్టముచే కుమార్తెకు కుమారునితో సమముగ పిత్రార్జితమున భాగము కల్పింపబడెను. దేశమంతటికి అట్టి చట్టము 2005లో గాని రాలేదు. ఇవి గర్వింపదగినవే. కాని శాసనము గడపవరకు వచ్చి నిలుచుట యెల్లెడల కలదు. మధ్యధరాసముద్రమునందలి మాల్టాద్వీపమును చూడుడు. అచట స్త్రీలు 1947లో ఓటు పొందిరి. ఆ యేడే అగాథా బార్బరా శాసనసభకు ఎన్నికయ్యెను. 1982లో ఆమె రాష్ట్రపతియు నయ్యెను. అట్లయ్యును ప్రభుత్వోద్యోగిని వివాహమాడినచో పదవి విడువవలెనను నియమము అచట 1980 ప్రాంతమువరకు సాగెను. కుటుంబమున భార్యాభర్తలు సములని చట్టము చెప్పినది 1993లో. దేశమునకు స్త్రీ అధిపతి యైన పిదప పదునొకండేండ్లకు గాని ఇంట ఆమె సమానురాలు కాలేదు. కడలియొడ్డున చిన్నద్వీపమున జరిగిన యీ విషయము మన కడలియొడ్డు సీమకును వర్తించును. గడపదాటి లోనికి పోవుటకు శాసనముతోపాటు మరియొకటి కావలెను. అదియే ఆ యింటివారు తమంతట తాము పలుకగల మాట.

ఆ మాట యెట్లు వచ్చినదో వాచకము చెప్పును. 1988లో ఏర్పడిన జాతీయ అక్షరాస్యతా మిషను ప్రేరణమున, 1991 ప్రాంతమున నెల్లూరు మండలమున సంపూర్ణాక్షరాస్యతోద్యమము నడచెను. జనవిజ్ఞానవేదికవారును, స్వచ్ఛంద కార్యకర్తలును, ప్రభుత్వోద్యోగులును కలసి పనిచేసిరి. పగలెల్ల పనిచేసి రాత్రి దీపమువద్ద కూర్చుండిన స్త్రీలకై కూర్చిన పాఠములలో 'సీతమ్మ కథ' యను నొకటి సారాయిచే ఇల్లాలు పడు బాధను విషయముగ గైకొనినది. ఆనాడు సారాయి పొట్లములలో పల్లెపల్లెకు చేరుచుండెను. అంగళ్ల వేలముపాటలు ప్రభుత్వమునకు ఆదాయము. కూలిడబ్బు ఇల్లు చేరకముందే అంగడి చేరెడిది. ఇది చదువువారికి క్రొత్త విషయము గాదు. క్రొత్తది దానిని అక్షరములలో చూచుట.

పాఠరచనను కావ్యవిమర్శదృష్టితోనే పరిశీలింతము. క్రొత్తగ చదువ నేర్చువారికి వ్రాయుపాఠమున వాక్యము చిన్నదిగ నుండవలెను, పదము వాడుకలోనిది కావలెను, అలంకారమునకు తావుండరాదు. ఇట్టి నిర్బంధమున వ్రాయుట చిత్రకవిత్వముకన్న సులభమని యెంచుట పొరబాటు. కథానాయికకు సీతమ్మయను పేరిడుట యందును ఔచిత్యము కలదు. ఆ పేరు వినగనే ఓర్పు తలపునకు వచ్చును. తిక్కన నిర్వచనోత్తర రామాయణమున చెప్పిన సీత వనవాసదుఃఖమును తెలుగుజాతి మరువలేదు. ఆ సీత దుఃఖమును విన్నవారు కన్నీరు విడిచిరి. ఈ సీతమ్మ దుఃఖమును చదివినవారు, ఇది మన యింటి కథయే గదా యని ఒకరి ముఖమొకరు చూచుకొనిరి. రసానుభవమునకు సాధారణీకరణము మూలమని లాక్షణికులు చెప్పిరి. ఇచట అది యనుభవముతో నాగక కార్యమునకు దారితీసినది.

1992లో కలిగిరి మండలములోని దూబగుంటయందు స్త్రీలు కూడి ఊర సారాయంగడిని మూయించిరి. ఆ యుద్యమమున ముందునిలిచిన రోశమ్మ పేరు ఊరిపేరుతో జోడింపబడి దూబగుంట రోశమ్మగ లోకప్రసిద్ధమైనది. పిదప ఒక విశేషము జరిగెను. ఆ దూబగుంట స్త్రీల వృత్తాంతమే 'ఆడవాళ్లు ఏకమైతే' యను పాఠమై తరువాతి వాచకమున చేరెను. పాఠమును చదివినవారు చరిత్రము నిర్మించిరి. ఆ చరిత్రము మరల పాఠమయ్యెను. ఆ పాఠమును చదివి మరికొన్ని యూళ్లు కదలెను. వేలముపాటలు మాటిమాటికి ఆగిపోయెను. 1993 ఏప్రిలులో నెల్లూరు మండలమునను, ఆ యేడు అక్టోబరు 1వ తేదీన రాష్ట్రమంతటను సారాయి నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడుటయు సత్యమే. కాని రాచకార్యము వెనుకడుగు వేసినంతమాత్రమున గ్రంథగుణము చెడదు. భారతము వినుటచే యుద్ధములు నిలిచిపోలేదు గదా.

ఇట్టి పాఠమును సాహిత్యమనవచ్చునా యని పండితులు ప్రశ్నింతురు. వారి శాస్త్రముననే సమాధానము కలదు. మమ్మటాచార్యుడు చెప్పిన కావ్యప్రయోజనములలో అమంగళనివారణ మొకటి, కాంతాసమ్మితోపదేశ మింకొకటి. ప్రభువువలె శాసింపక, ప్రియకాంతవలె ఇంపుగ బోధించునది కావ్యమని శతాబ్దులుగ బోధించుచున్నాము. ఉపమానమైన ఆ కాంత యింట నిజముగ ఉపదేశించునప్పుడు ఎవరు వినిరని యడుగుట మరచితిమి. దూబగుంటలో కాంతయే స్వయముగ పలికినది; ఇంపుగ పలుకలేదు, గట్టిగ పలికినది. అమంగళమును కొంతకాలమైన నివారించినది. మన లక్షణమునకు ఇంతకన్న సాక్షాత్తైన లక్ష్యము ఎక్కడ దొరకును?

దోషములును చెప్పకున్న విమర్శ పూర్తిగాదు. ఈ పాఠములు స్త్రీల కష్టములకెల్ల సారాయియే మూలమను భ్రాంతికి కొంత తావిచ్చును. త్రాగనివాడును కొట్టవచ్చును. కూలిలో భేదము, భూమిలేమి, ఇంటిపని భారము, ఇవి సారాయితో వచ్చినవి గావు, దానితో పోవునవియు గావు. ఉద్యమము చల్లారిన పిదప స్త్రీల స్థితి ప్రశ్నగనే మిగులుటకు ఇదియొక కారణము. ఇంకొక లోపము పాఠముది గాదు, మనది. అంగడి యెదుట నిలిచి ఆ స్త్రీలు పలికిన పలుకులు, కట్టుకొని పాడిన పాటలు యథాతథముగ సేకరింపబడినవి కొద్ది. వాచకములు సయితము చినిగిన పుస్తకములుగ నెంచబడి గ్రంథాలయముల పొందికకు దూరమైనవి. తాళపత్రమున నొక యక్షరము పోయినచో పదిప్రతులు వెదకు మనము, మన కండ్లయెదుట అచ్చయిన పుస్తకములు చెదపురుగుల పాలగుచుండ చూచుచున్నాము.

కావున ఈ సీమ సాహిత్యచరిత్రమును ఇకముందు వ్రాయువారు తిక్కన ద్రౌపది ప్రక్కన కనకమ్మ స్వీయచరిత్రమును, దాని ప్రక్కన సీతమ్మ పాఠమును నిలిపి చూతురుగాక. మొదటిదానియందు స్త్రీకొరకు కవి పలికెను. రెండవదానియందు స్త్రీ తనకొరకు పలికెను. మూడవదానిని చదివిన స్త్రీలు తోటివారికొరకును పలికిరి. పాఠశాలలలోని పండితులు తమ యూళ్లలో ఆ వాచకములు, ఆ పాటలు, ఆనాడు అక్షరములు దిద్దుకొన్న వృద్ధస్త్రీల జ్ఞాపకములు లభించినచో సేకరించి భద్రపరచుట కర్తవ్యము. ఆ వృద్ధస్త్రీలు నానాటికి తగ్గుచున్నారు. దూబగుంట రోశమ్మయు 2016లో గతించెను. కనకమ్మ వ్రాతకు నలువదియెనిమిదేండ్లు జాగుచేసినవారము. వ్రాత యుండుటచే అది దక్కినది. వ్రాయబడని వాక్కునకు అంత గడువు లేదు.