మూస, మొలక, రచ్చబండ

జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ దగ్గర పాత్ రైలెక్కితే పెట్టెలో అందరి చూపూ ఫోన్ల మీదే. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఏది ముందుకు తెస్తే అది చూస్తూ వేలితో పైకి తోస్తూ పోతారు. నేనూ ఏళ్ళ తరబడి అదే చేశాను. ఇప్పుడు తెలుగు వికీపీడియా (తెవికీ)లో ‘ఇటీవలి మార్పులు’ తెరుస్తాను. ఎవరు ఏ పేజీలో ఏం దిద్దారో వరసగా, జరిగింది జరిగినట్టు కనిపిస్తుంది. నా కోసం ఎవరూ ఏరి పెట్టింది కాదు. నాకు ఆ వరసే హాయి.

2003 డిసెంబరు 10న మొదలైన తెవికీని విజ్ఞాన సర్వస్వం అంటాం కానీ, నాకు అది ముందు ఒక చిన్న ఊరు. అక్కడి మాటలు చూడండి. నాలుగు వాక్యాల దగ్గర ఆగిపోయిన వ్యాసం ‘మొలక’. ‘అసంపూర్ణ వ్యాసం’ అని ఉంటే ఊరుకునేవాణ్ణేమో. మొలక అంటే నీళ్ళు పోయాలనిపిస్తుంది. పదే పదే వాడుకునే అచ్చు ‘మూస’, కంసాలి కొలిమి దగ్గరి మాట. రాసేవాళ్ళు ‘వాడుకరులు’. అందరూ కూడి మాట్లాడుకునే చోటు ‘రచ్చబండ’.

ఈ ఊరికి బాట వేసినవాళ్ళలో అమెరికా తెలుగువాళ్ళూ ఉన్నారు. 1990ల తొలినాళ్ళలో రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు రాసే పద్ధతి తయారుచేశారు. చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. తర్వాత వీవెన్ తయారుచేసిన టైపింగ్ ఉపకరణం ‘లేఖిని’కీ అదే ఒరవడి. తెవికీకి పునాది వేసిన వెన్న నాగార్జున ‘పద్మ’ అనే ఉపకరణంతో పాత ఖతుల్లో చిక్కుకున్న తెలుగును యూనికోడ్‌లోకి తెచ్చారు.

అసలు పనితనం ఊళ్ళ పేజీల్లో చూడాలి. 2014లో రాష్ట్రం రెండయింది. 2016 అక్టోబరులో తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. ఒక్క ఉత్తర్వుతో జిల్లా సరిహద్దు గీత జరిగితే ఇక్కడ వేల పేజీల్లో మొదటి వాక్యమే తప్పవుతుంది. మండలం, జిల్లా, వర్గం, కింద వేలాడే మూస అన్నీ మారాలి. కొంత పని బాట్లు, అంటే తమంతట తామే దిద్దుకుపోయే ప్రోగ్రాములు, చేస్తాయి. కానీ ఏ ఊరు ఎటు పోయిందో చూసి పట్టిక కట్టాల్సింది మనిషే. జీతం తీసుకోని మనుషులు ఆ పని చేశారు. 2011 జనగణన లెక్కలతో ఇళ్ళెన్ని, జనమెంత, బడి ఎక్కడ అని కూడా నింపారు. నన్ను కట్టిపడేసింది ఇంకో సంగతి: పాత జిల్లాను చెరిపేయలేదు. పునర్వ్యవస్థీకరణకు ముందు ఈ గ్రామం ఏ జిల్లాలో ఉండేదో ఒక వాక్యంలో నిలబెట్టారు. గీతలు జరగకముందే ఊరు వదిలి జెర్సీ సిటీలో నూఅర్క్ అవెన్యూ చుట్టుపక్కల స్థిరపడ్డవాడికి ఆ వాక్యం ఇంటి గుమ్మంలా ఉంటుంది.

రచ్చబండలో వాదాలకూ ఒక పద్ధతుంది. జవాబుకు ముందు ఒక కోలన్ పెడితే అది ఒక అడుగు లోపలికి జరుగుతుంది, దానికి జవాబు రెండడుగులు. చివర నాలుగు టిల్డేలు కొడితే పేరూ సమయమూ పడతాయి. ఎవరు ఎవరికి ఏం చెప్పారో పదేళ్ళ తర్వాతా కన్ను పోల్చుకుంటుంది. మాట వెనక్కి తీసుకున్నా పేజీ చరిత్రలో ఉంటుంది, అందుకే ఆచితూచి మాట్లాడతారు. కోపాలు లేవని కాదు, కోపానికి లైకులు రావు.

మొన్న గ్రోవ్ స్ట్రీట్ దాటకముందే మా ఊరి పేజీలో చెరువు పేరు చేర్చాను. సాయంత్రం తిరుగు రైల్లో చూస్తే ఎవరో అచ్చుతప్పు దిద్ది, ‘మూలం ఇవ్వగలరా’ అని చర్చా పేజీలో అడిగారు. ఇంటికెళ్ళి నాన్నకు ఫోన్ చేశాను. పంచాయతీ పాత పుస్తకం ఎవరి దగ్గరుందో కనుక్కుంటానన్నారు.