ఒక్క జవాబే మిగలాలి

‘ఒమన్ సింధుశాఖ తీరాన ఉన్న ఎమిరేట్ ఏది?’ జవాబు ఫుజైరా అని రాసుకుని షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో తెలుగు కార్మికుల క్విజ్‌లో ఈ ప్రశ్న అడిగితే నిలవదు. అదే తీరంలోని ఖోర్ ఫక్కాన్, కల్బా వైపు లోడు దించి వచ్చే డ్రైవరు ఒక్కడుంటే చాలు, అవి రెండూ షార్జావే కదా అంటాడు. అతని మాటే ఒప్పు. ‘పర్షియన్ సింధుశాఖ, ఒమన్ సింధుశాఖ రెండింటి ఒడ్డునా ఉన్న ఒకే ఒక్క ఎమిరేట్ ఏది?’ అంటే షార్జా తప్ప ఇంకోటి కుదరదు.

దీన్నే క్విజ్ వాళ్ళు ప్రశ్నను ‘పిన్ చేయడం’ అంటారు. 1967లో కలకత్తాలో నీల్ ఓబ్రియన్ బహిరంగ క్విజ్ మొదలుపెట్టారు. 1972లో హైదరాబాద్‌లో కె-సర్కిల్ అనే క్విజ్ క్లబ్ పుట్టింది. ఈ సంప్రదాయంలో అసలు కష్టం అడిగేవాడిదే. తాననుకున్న జవాబు తప్ప మిగతావన్నీ రాలిపోయేదాకా ప్రశ్నను చెక్కాలి.

చరిత్రలో ఆ పని తేదీ చేస్తుంది. యూఏఈలో ఎమిరేట్లు ఏడు. 1971 డిసెంబర్ 2న సమాఖ్య ఏర్పడిన రోజున మాత్రం ఆరే. రాస్ అల్ ఖైమా 1972 ఫిబ్రవరి 10న చేరింది. మన దగ్గరా అంతే. ఆంధ్ర తొలి ముఖ్యమంత్రి ఎవరంటే, 1953 నాటి ఆంధ్ర రాష్ట్రానికి టంగుటూరి ప్రకాశం, 1956 నాటి ఆంధ్రప్రదేశ్‌కు నీలం సంజీవరెడ్డి. ఏ రాష్ట్రమో చెప్పకుండా అడిగినవాడు ఇద్దరికీ పాయింటు ఇవ్వాల్సిందే.

స్పెల్లింగ్ దగ్గర నేను చూసేది ఒక్కటే: రాసిన పేరు ఇంకో చోటుకు చెందుతుందా? ఘానాను గానా అని రాస్తే పాయింటు ఇవ్వాలి. గయానా అని రాస్తే ఇవ్వకూడదు, అది దక్షిణ అమెరికా దేశం. ఖైమా, కైమా రెండూ ఒప్పే. స్లొవేనియా, స్లొవేకియా మాత్రం రెండు దేశాలు. తెలుగు మీడియంలో చదివిన వెల్డరు భూగోళం బాగా తెలిసి కూడా ఇంగ్లిష్ అక్షరాల దగ్గర ఓడిపోతే అది క్విజ్ పెట్టినవాళ్ళ లోపం.

ప్రశ్నపత్రం విషయంలో మాత్రం ఈ సడలింపు పనికిరాదు. జగిత్యాల నుంచో కోనసీమ నుంచో గల్ఫ్‌కు వచ్చినవాళ్ళకు అక్షరం విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. పాస్‌పోర్ట్‌లో ఒకలా, వీసాలో ఒకలా పేరు పడితే ఆ చిక్కు విప్పుకోవడానికి సెలవులు, డబ్బులు కరిగిపోతాయి. అచ్చులో చూసిన పేరును నమ్మి అలాగే రాసుకునే మనుషుల చేతికి తప్పుల కాగితం ఇవ్వకూడదు.

అంకెలు అడిగేటప్పుడు ఏ లెక్కో కూడా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ తీరం పొడవు 974 కిలోమీటర్లని చదువుకున్నాం. మరింత సూక్ష్మమైన పటాలతో మళ్ళీ కొలిచాక అది సుమారు 1,053 కిలోమీటర్లకు చేరింది. తీరమేమీ సాగలేదు. పాత పటాల్లో గీత తిన్నగా పోయిన చోట కొత్త పటాల్లో ప్రతి వంపూ లెక్కకు వచ్చింది. ‘కొత్త కొలత ప్రకారం’ అన్న మూడు మాటలు చేరిస్తే, పాత పుస్తకం చదివినవాడికీ తననేం అడుగుతున్నారో తెలుస్తుంది.