ఓదార్పుకో స్టార్

మనవరాలిని తీసుకురావడానికి ప్లేస్కూలుకి వెళ్తే గోడ మీద కొత్త చార్టు. ఏడుస్తున్న తోటిపిల్లల్ని ఊరుకోబెట్టినవాళ్లకి బంగారు రంగు స్టార్ అట. బహుమతులంటే నాకెంత మంటో ఈ కాలమ్ చదివేవాళ్లకి తెలుసు. పద్యాల పోటీ షీల్డుల మీద రాసినందుకు నన్ను తిట్టిన ఉత్తరాలు ఇంకా బీరువాలో ఉన్నాయి.

అసలు ఓదార్చడం పిల్లలకి ఒకరు నేర్పాలా? మా చిన్నమ్మ అంగన్‌వాడీ టీచరుగా చేసే రోజుల్లో జూన్ వచ్చిందంటే కేంద్రం నిండా ఏడుపులే. ఒకడు ఎత్తుకుంటే నలుగురు అందుకునేవాళ్లు. చిన్నమ్మ ఒకణ్ణి చంకనేసుకుని ఇంకొకణ్ణి ఆయాకి అప్పగించేలోపు, ఓ పిల్ల గౌను అంచుతో పక్కవాడి ముక్కు తుడిచి, తన గుడ్డులోని పచ్చసొన వాడి నోట్లో కుక్కింది. దానికి పచ్చసొనంటే ప్రాణం. వాడికి గిట్టదు. ఇంకా గట్టిగా ఏడ్చాడు! మార్టిన్ హాఫ్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఇలాంటి పసివాడి సంగతే రాశాడు. స్నేహితుడు ఏడుస్తుంటే, వాడి తల్లి అక్కడే ఉన్నా, వీడు పోయి తన తల్లిని లాక్కొచ్చాడట. పరామర్శకి వెళ్లి మనం చెప్పే మాటలూ చాలావరకు ఆ బాపతే అనుకోండి.

2008లో వార్నెకెన్, టొమసెల్లో అనే మనస్తత్వవేత్తలు ప్రచురించిన ప్రయోగం నా కోపానికి మంచి దన్ను. సాయం చేసినప్పుడల్లా చేతిలో ఏదో ఒకటి పెడుతూ వచ్చిన 20 నెలల పిల్లలు, ఆ తర్వాత సాయానికి లేవడం తగ్గించారు. నోటితో మెచ్చుకుని వదిలేసిన పిల్లల్లో ఆ తేడా రాలేదు.

ఇదంతా టీచరుకి అప్పజెప్పాలని చార్టు దగ్గరికి నడిచాను. స్టార్లన్నీ ఆడపిల్లల పేర్ల పక్కనే. అందులో సగం ఒక్క పాపవే. ఎవరు ఏడ్చినా "వెళ్లి చూడమ్మా" అని పురమాయించేది ఆ పాపనేనట. స్టార్ పీకేసినంత మాత్రాన ఆ పురమాయింపు ఆగదు. ఇంతకీ ఈ చార్టే లేకపోతే ఆ సంగతి నాకు తెలిసేదే కాదు.

"మరి ఆ పాప ఏడిస్తే ఎవరు వెళ్తారండీ?"

"ఆ పాప అస్సలు ఏడవదండీ. చాలా మెచ్యూర్డ్."

మూడున్నరేళ్ల పిల్ల! చార్టు ఉంచమనే చెప్పాను. ఏడ్చినవాళ్లకి కూడా ఓ స్టార్ పెట్టమన్నాను.