ఉప్పెన ఎవరి పాపం?

1934లో బీహారు భూకంపం అంటరానితనమనే పాపానికి దైవశిక్ష అన్నాడు గాంధీ. టాగూరు కాదన్నాడు. మరి ఆ శిక్షలో అంటరానివాళ్ళూ ఎందుకు పోయారు? విపత్తు రాగానే తీర్పు ప్రసంగం ఎత్తుకునే మన పాస్టర్లకూ ఇదే ప్రశ్న. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన దేవుని తీర్పయితే, గుడిసెల్లో ఉన్నోళ్ళే పాపులన్నమాట. మేడలెక్కి బతికినోళ్ళు నీతిమంతులా? సిలోయము గోపురం కూలి చచ్చిన 18 మంది తక్కిన యెరూషలేమోళ్ళ కంటే పాపులు కారని లూకా 13లో యేసే చెప్పాడు. మారుమనస్సు పొందమనీ అక్కడే అన్నాడు, నిజమే. కానీ ఆ మాట బతికున్నోళ్ళకి. ఆమోసు తీర్పు చెప్పలేదా అంటారు. చెప్పాడు, చెప్పుల జోడు కోసం బీదల్ని అమ్మేసినోళ్ళ మీద! పల్లె లోతట్టులో ఎందుకుందో, ఊళ్ళో పక్కా ఇల్లు ఎవరికుందో మాత్రం తీర్పు ప్రసంగాల్లో వినపడదు.